పెద్ద డాక్టరు గారి కారు హారను

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం వేయదు, ఒళ్ళు మండుతుంది. సత్తుపల్లిలో నాది చిన్న షాపు. లారీ, జీపు, ట్రాక్టరు, ఏ బండికైనా కరెంటు పని చేస్తాను. లైట్లు వాటంతటవే వెలిగే బండ్లు, నిమ్మకాయలు కట్టినా స్టార్టు కాని బండ్లు చివరికి నా దగ్గరికే వస్తాయి. ఒక్కదాంట్లోనూ దయ్యం దొరకలేదు. ఎలుక కొరికిన వైరు దొరికింది. వాన నీళ్ళు చేరిన స్విచ్చి దొరికింది. వదులైన ఎర్తు దొరికింది.

హారన్ల సంగతి అసలే చెప్పక్కర్లేదు. స్టీరింగు కింద వైరు ఒరుసుకుపోయి బాడీకి తగిలితే చాలు, ఏ బండి హారనైనా దానంతటదే మోగుతుంది. ఒక లారీ ఓనరు భూతవైద్యుణ్ణి పిలిపించి, కోడిని కోయించి, అప్పటికీ మోత ఆగకపోతే నా దగ్గరికి వచ్చాడు. బెత్తెడు టేపు చుట్టి పంపించాను. పాపం, కోడి మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంకెవరైనా చెబితే నేనే పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

కానీ ఇది నా చేతుల మీదుగా జరిగింది. ఒక నిండు చూలాలి ప్రాణం, కడుపులో బిడ్డ ప్రాణం ఆ రోజు ఒక పాత కారు మీద ఆధారపడ్డాయి. ఏ వైరు ఎక్కడ ఉందో, దేన్ని ఊడదీసి ఎక్కడ పెట్టానో గుర్తున్నది గుర్తున్నట్టే చెబుతాను. ఎక్కడైనా తప్పు కనపడితే పట్టుకోండి, నాకూ మనసు తేలికవుతుంది.

అప్పటికి 108 బండ్లు ఇంకా రాలేదు. సెల్ ఫోన్లు వచ్చాయి గానీ దమ్మపేట దాటి అడవి వైపు పోతే సిగ్నలు ఉండేది కాదు. అటువైపు ఒక మామిడితోటలో వసుంధరమ్మ గారని రిటైరైన టీచరు ఉండేవారు. వాళ్ళ పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ భూములు కొనుక్కుని స్థిరపడ్డారు. ఆవిడ నాన్నగారు డాక్టరు. అడవిలో గూడేలన్నీ తిరిగి వైద్యం చేసిన మనిషి. పెద్ద డాక్టరు గారంటే ఆ చుట్టుపక్కల పాతవాళ్ళందరికీ తెలుసు. ఆయన పోయి ఇరవై ఏళ్ళకు పైనే అయింది. ఆయన కారు మాత్రం తోటలో రేకుల షెడ్డు కింద అలాగే ఉండిపోయింది.

అంబాసిడర్ల కంటే ముందు కాలంలో విదేశం నుంచి దిగిన కారది. నల్లటి రంగు, గుండ్రటి బానెట్టు, తలుపు కింద కాలు పెట్టి ఎక్కడానికి మెట్టు. విజయవాడలో పాత కార్లు పోగుచేసే ఆయన ఎవరో దాన్ని లారీ మీద ఎక్కించుకుపోతానన్నాడట. ఆవిడ ఒప్పుకోలేదు.

"మా నాన్నగారి బండిని తాళ్ళు కట్టి మోసుకుపోతుంటే నేను చూడలేను వెంకన్నా. కనీసం గేటు దాటేదాకా అయినా దానంతటది నడిచి వెళ్ళాలి" అన్నారు.

ఇంజను మేస్త్రి అంతకుముందు వారమే వచ్చి పట్టేసిన ఇంజను విడిపించాడు. బ్రేకులు చూశాడు, టైర్లు మార్చాడు, కార్బురేటరు కడిగాడు, పెట్రోలు పోశాడు. ఇక కరెంటు వెంకన్నను పిలవండి అని చేతులు దులుపుకున్నాడు. ఆ కరెంటు వెంకన్నను నేనే.

నేను వెళ్ళిన రోజు భూమి పండగ. విత్తనాలు వేసే ముందు కోయగూడేల్లో చేసుకునే పండగ అది. మగవాళ్ళు వేటకని అడవిలోకి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని, పాటలు పాడుతూ, వచ్చే బండినల్లా ఆపి పండగ మామూలు అడుగుతారు. ఇచ్చేదాకా తాడు దించరు. అందుకే ఆ రోజుల్లో డ్రైవర్లు ఆ దారికే రారు. పొద్దున నా స్కూటరును మూడు చోట్ల ఆపారు. మొదటిచోటే జేబులో చిల్లర లేదని చెబితే, ఒక పడుచుపిల్ల నా సంచిలోంచి టిఫిను డబ్బా లాక్కుని మూత తీసి వాసన చూసింది. ముఖం చిట్లించి మళ్ళీ సంచిలోనే పెట్టేసింది. మా ఇంటి ఉప్మా అంత ఘనంగా ఉంటుంది.

షెడ్డులో పట్టా తీసి బానెట్టు ఎత్తాక నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ కాలంలో వైర్లకు గుడ్డ చుట్టేవారు. ఎలుకలు ఆ గుడ్డంతా పీక్కుని డ్యాష్‌బోర్డు వెనక కాపురం పెట్టాయి. రాగి తీగలు బయటపడి ఒకదానికొకటి తగులుతున్నాయి. పైగా ఆ కారుకు బాడీ పాజిటివ్. మన బండ్లకు బాడీకి నెగటివ్ కలుపుతాం. చేతి అలవాటు మీద తగిలించేసేవాణ్ణే, పాత కేబులు మీద గుర్తు చూసి ఆగాను.

నాకో పద్ధతి ఉంది. పాత బండిని ముట్టుకునే ముందు బ్యాటరీని బయట పెడతాను. ఏదైనా చూడాలంటే కలుపుతాను, చూసిన వెంటనే ఊడదీసి కింద పెడతాను. ఒకసారి ఒక జీపు నా ముందే అంటుకుంది, అప్పటి నుంచి ఇంతే. ఆ రోజు నేను స్కూటరు మీద కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చిన బ్యాటరీ షెడ్డు బయట నీడలో ఇటుకల మీద ఉంది.

మొదటిసారి కలిపినప్పుడే ఫ్యూజు ఎగిరిపోయింది. ఒక్కో వైరూ విడదీస్తూ పోతే తప్పు హారను దగ్గర తేలింది. దాన్ని విప్పి బల్ల మీద పెట్టి తెరిచాను. లోపలంతా కందిరీగలు మట్టి గూళ్ళు కట్టేశాయి. మోగాల్సిన రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది, వేలు పెడితే పొడి రాలింది. లోపలి తీగచుట్ట ఎప్పుడో కాలిపోయి ఉంది.

"దీనికి నూకలు చెల్లినయి టీచరమ్మా. వేరేది ఎతకాలె" అన్నాను.

ఆవిడ వచ్చి ఆ ముక్కలను చూశారు. లోపలికి వెళ్ళి ఒక స్టీలు పళ్ళెం తెచ్చి, వాటిని అందులో సర్ది బల్ల మీదే పెట్టారు.

అప్పటికి భోజనాల వేళ దాటింది. బ్యాటరీ ఇటుకల మీద ఉంది. హారను పళ్ళెంలో ముక్కలుగా ఉంది. తోటలో జీపు, ట్రాక్టరు రెండూ మామిడికాయల లోడుతో పోయాయి. నా స్కూటరు గేటు లోపల స్టాండు వేసి ఉంది, తాళం నా జేబులో ఉంది. మేమిద్దరం తప్ప అక్కడ ఎవరూ లేరు. ఏ మోతా మాకు వినపడలేదు. ఈ సంగతి మీద నేను ఎక్కడైనా, ఎవరి ముందైనా ప్రమాణం చేస్తాను.

కాసేపటికి గేటు దగ్గర అలికిడైంది. నలుగురు ఆడవాళ్ళు ఒక నులకమంచాన్ని భుజాల మీద మోసుకుని వస్తున్నారు. చీరలు నడుము దాకా తడిసి ఉన్నాయి. వాగు దాటి వచ్చారన్నమాట. ముందు ఒక ముసలామె కర్ర పట్టుకుని నడుస్తోంది. మంచం మీద పడుచు మనిషి, నిండు కడుపు. ముఖం తెల్లగా పాలిపోయింది. కప్పిన దుప్పటి కిందివైపు నెత్తురుతో తడిసి ఉంది.

వసుంధరమ్మ గారు ముసలామెను గుర్తుపట్టారు. పేరు ముత్తమ్మ, వాగు అవతలి గూడెం. మంచం మీద ఉన్నది ఆమె మనవరాలు భద్రమ్మ. ముందు రోజు నుంచి నొప్పులు. మగవాళ్ళు వేట నుంచి వచ్చాక మోసుకుపోదామని ఆగారట. పొద్దున్నుంచి నెత్తురు పోవడం మొదలైంది. మగవాళ్ళు ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు.

మంచం దించాక ముత్తమ్మ షెడ్డులోకి తొంగి చూసింది.

"డాక్టరు ఏడి?" అంది.

వసుంధరమ్మ గారు ఆమె దగ్గరికి వచ్చారు. "నాన్నగారు పోయారు కదా ముత్తమ్మా, నీకు తెలీదా?" అన్నారు.

"సచ్చిపోయిండని నాకెరుకనే" అంది ముత్తమ్మ. "కారు హారను మోగింది. ఒకటి పొడుగు, రెండు పొట్టి. అది మోగితే బీమారున్నోళ్ళను తీస్కరావాలె. తెచ్చినం."

వసుంధరమ్మ గారు బల్ల అంచు పట్టుకున్నారు. నాన్నగారి పద్ధతి అదేనని నాకు మెల్లగా చెప్పారు. గూడేల్లోకి కారు పోదు కాబట్టి ఆయన రోడ్డు మీదే ఆగి అలా హారను కొట్టేవారు. విన్నవాళ్ళు జబ్బుపడ్డవాళ్ళను రోడ్డు దగ్గరికి తెచ్చుకునేవారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మనిషి చావుబతుకుల్లో ఉంటే ఈ కథలేంటని. పళ్ళెం తీసి ముత్తమ్మ ముందు పెట్టాను. ఏ హారను మోగింది అవ్వా, హారను గిక్కడ ముక్కలై ఉంది, నీ చెవులకు ఏదో వినపడి ఉంటది అన్నాను. మంచం మోసినవాళ్ళలో ఒకామె అడ్డుపడింది. "మేం గూడ ఇన్నం అన్నా. మాకు దాని సంగతి ఎరుక లేదు. అవ్వ మంచం లేపమన్నది, లేపినం" అంది.

ముత్తమ్మ పళ్ళెంలోకి చూసింది, నన్ను చూసింది. "అయితే ఏందయ్యా. కారు తియ్యి" అంది.

తీయడానికి అదేమైనా నడిచే కారా? సగం వైర్లు నేల మీద ఉన్నాయి. ఇంట్లో ఫోను ముందు రోజు గాలివానకు చచ్చింది. స్కూటరు మీద ఆ మనిషిని కూర్చోబెట్టలేం. రోడ్డు మీద బండ్లు లేవు, బస్సు సాయంత్రం దాకా రాదు. అటూ ఇటూ ఎన్నిసార్లు ఆలోచించినా ఆ కారు తప్ప వేరే దారి కనపడలేదు.

పాత వైరింగునంతా వదిలేశాను. లైట్లు వద్దు, మీటర్లు వద్దు, కాయిలుకు కరెంటు అందితే ఇంజను తిరుగుతుంది. బ్యాటరీని ముందు సీటు దగ్గర కింద పెట్టి, కొత్త వైరు ఒకటి కాయిలుకు, ఇంకొకటి బాడీకి లాగాను. సెల్ఫు మోటారు పనికిరాదు, ముందు నుంచి హ్యాండిలు వేసి తిప్పాలి. తిప్పాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ప్లగ్గు తీసి చూస్తే నిప్పురవ్వే రావడం లేదు.

రవ్వ పుట్టించే పాయింట్లకు చిలుం పట్టి ఉంది. అగ్గిపెట్టె పక్క గరుకుతో గీకాను. మళ్ళీ తిప్పితే సన్నటి రవ్వ ఒకటి వచ్చి చచ్చిపోయింది. అప్పటిదాకా మంచం మీంచి మూలుగు వినపడుతూ ఉంది. అది ఆగిపోయింది. తిరిగి చూడటానికి కూడా నాకు ధైర్యం చాల్లేదు. వసుంధరమ్మ గారు భద్రమ్మా, భద్రమ్మా అని పిలుస్తున్నారు. స్క్రూ పట్టు దొరకడం లేదు. దేవుడా దేవుడా అని పైకే అన్నాను.

రవ్వ పుట్టి నిలవడం లేదంటే కండెన్సరు పోయి ఉండాలి. సంచిలో కండెన్సరు లేదు. స్కూటరు కనపడింది. నా పాత స్కూటరుకు అది బయటివైపే ఉంటుంది. పరుగెత్తి పీక్కొచ్చి కారుకు తగిలించి, వైరుతోనే కట్టేశాను. మళ్ళీ హ్యాండిలు తిప్పాను. అది ఎదురుతన్ని నా బొటనవేలు చీరేసింది. ఆ నెత్తురు చేత్తోనే ఇంకోసారి తిప్పాను. ఇంజను దగ్గింది, ఆగింది, మళ్ళీ దగ్గి అందుకుంది. షెడ్డంతా పొగ. నేను ఏడుస్తున్నానో, పొగకు కళ్ళు మండుతున్నాయో నాకే తెలియదు.

కారు నడపడానికి నేను వంగితే వసుంధరమ్మ గారు "నువ్వు వైరు సంగతి చూడు" అని నన్ను పక్కకు జరిపారు. పెళ్ళికి ముందు నాన్నగారు ఆ కారు మీదే నేర్పారట. చీర కుచ్చెళ్ళు దోపుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు. భద్రమ్మను వెనక సీట్లో పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని ముత్తమ్మ కూర్చుంది. చక్రాలు కదిలేదాకా మంచం మోసిన నలుగురూ వెనక నుంచి తోశారు. నేను ముందు సీట్లో బ్యాటరీ మీదికి వంగి, వైరు ఊడకుండా రెండు చేతులతో నొక్కిపట్టాను.

గేటు దాటి రోడ్డెక్కాక నాకు తాళ్ళు గుర్తొచ్చాయి. వాళ్ళు పాటల్లో ఉంటారు, తాడు బిగించి ఉంటారు. ఆగితే ఇంజను ఆగిపోతుంది, మళ్ళీ అందుకుంటుందన్న నమ్మకం నాకు ఏ కోశానా లేదు. దూరం నుంచే తప్పుకోమని చెప్పాలి. హారను లేదు. తల బయట పెట్టి తప్పుకోండి, తప్పుకోండి అని అరిచాను. ఆ ఇంజను మోతలో నా అరుపు పక్కనున్న టీచరమ్మకు కూడా వినపడలేదు.

మొదటి మలుపు తిరిగాం. తాడు నేల మీద ఉంది. ఆడవాళ్ళంతా రోడ్డు దిగి రెండు పక్కలా నిలబడి ఉన్నారు. పాట లేదు. పొండి పొండి అని ఒకామె చెయ్యి ఊపింది. మా అదృష్టం బాగుంది అనుకున్నాను. రెండోచోటా అంతే. మేము మలుపు తిరిగి కనపడకముందే దారి ఖాళీ అయి ఉంది. మూడోచోట ఉప్మా వాసన చూసిన పిల్ల తాడు చుట్టి చంకలో పెట్టుకుని, మేము వచ్చే వైపే చూస్తూ నిలబడింది. దాటిపోతుంటే కారు లోపలికి తొంగి చూసి దణ్ణం పెట్టింది. కారులో మాకు ఇంజను మోత తప్ప ఏమీ వినపడలేదు.

సత్తుపల్లి దవాఖానాలో భద్రమ్మను వెంటనే లోపలికి తీసుకుపోయారు. పొద్దు వాలే వేళకు నర్సు వచ్చి ఆడపిల్ల పుట్టిందని, తల్లి కూడా గండం దాటిందని చెప్పింది. ముత్తమ్మ సరేనని తల ఊపి వరండాలో కొంగు పరుచుకుని పడుకుంది. నేను మాత్రం గోడకు చేరగిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

మర్నాడు స్కూటరు కోసం బస్సులో వెళ్ళాను. ఉప్మా వాసన చూసిన పిల్ల ఉన్నచోట దిగి, ఆమెను పట్టుకుని, నిన్న తాడు ఎందుకు తీశారని అడిగాను. నేను ఎగతాళి చేస్తున్నానని అనుకున్నట్టుంది.

"హారను కొట్టుకుంట వస్తిరి గదా అన్నా. ఒకటి పొడుగు, రెండు పొట్టి. ఆపకుంట కొడుతుంటే ఏదో ఆపదున్నదని తీసినం" అంది.

పెద్ద డాక్టరు గారు పోయేనాటికి ఆ పిల్ల పుట్టి కూడా ఉండదు. మిగతా రెండు చోట్లా అడిగాను. అదే మాట. గూడెం నుంచి కబురు పాకి ఉంటుందా అని చూశాను. మాకంటే ముందు ఆ రోడ్డు మీద పోయినవాళ్ళు ఎవరూ లేరు. కొన్నాళ్ళకు తెలిసిన లారీ డ్రైవరును బతిమాలి, తోట గేటు దగ్గర ఆగి ఆగి హారను కొట్టమని చెప్పి, నేను వాగు దాటి ముత్తమ్మ గూడెంలో నిలబడ్డాను. మధ్యలో గుట్ట ఉంది. లారీ హారను సన్నగా కూడా వినపడలేదు. ముత్తమ్మ నన్ను వింతగా చూసి, కల్లు తాగి పొమ్మంది.

కారు వైరింగంతా కొత్తగా వేయడానికి చాలా రోజులు పట్టింది. పని చేస్తున్నన్నాళ్ళూ వసుంధరమ్మ గారు ఆ రోజు సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చివరి రోజు టీ ఇచ్చి ఎదురుగా కూర్చున్నప్పుడు ఉండబట్టలేక రోడ్డు మీద ఆడవాళ్ళు చెప్పిందంతా చెప్పాను. వింటున్నంతసేపూ ఆవిడ గ్లాసు వైపే చూశారు.

ఆవిడకు చిన్నప్పుడే తల్లి పోయిందట. నాన్న గూడేలు తిరిగి వచ్చేదాకా, వంటామె ఎంత బతిమాలినా అన్నం ముట్టేవారు కాదట. తోట మలుపులో ఆ హారను వినపడ్డాకే కంచం ముందు కూర్చునేవారట. ఆయన పోయాక కూడా, పొద్దుగూకేసరికి చెవులు ఆ మలుపు వైపే పోయేవని, ఎన్నేళ్ళకూ ఆ అలవాటు చావలేదని చెప్పారు. కళ్ళనిండా నీళ్ళు.

"ముత్తమ్మకు వినపడింది. ఆ పిల్లలందరికీ వినపడింది. కారు నడిపింది నేను" అన్నారు. "మా నాన్న హారను నాకెందుకు వినపడలేదు వెంకన్నా?"

ఎవరు ఏ బండి తెచ్చినా ఎక్కడ తెగిందో, ఎందుకు పలకడం లేదో చెప్పడమే నా పని. ఆవిడ నా ముఖంలోకి చూస్తూ జవాబు కోసం కూర్చున్నారు. నేను సంచి సర్దుకుని లేచాను. ఆవిడ కూడా పోయారు ఇప్పుడు. ఇప్పుడు అడిగినా నా దగ్గర జవాబు లేదు.